జిన్ టానిక్‌లో గార్నిష్: జిన్‌కు వంతపాడాలా, ఎదురు నిలవాలా?

చేదుప్రియుడు

జునిపర్ అనే పొద కాయలతో వాసన పట్టించే సారాయి జిన్, క్వినైన్ అనే చేదు సారం కలిపిన బుడగల నీరు టానిక్, ఆ రెండూ కలిపిన గ్లాసులో పరిమళానికి వేసే తొక్క, ఆకు, ముక్క వంటివి గార్నిష్. జిన్ గురించి సలహాలిచ్చే వారందరి నోటా ఒకే సూత్రం వినబడుతోంది: బట్టీలో ఏ దినుసు వేశారో గ్లాసులోనూ ఆ దినుసే వేయాలట. హెండ్రిక్స్ అనే జిన్‌లో కీరదోస సారం కలుపుతారు కనుక కీరదోస ముక్క, జిన్ మారేలో రోజ్‌మేరీ ఉంది కనుక రోజ్‌మేరీ రెమ్మ, టాంకరే టెన్‌లో తాజా గ్రేప్‌ఫ్రూట్ వాడతారు కనుక గ్రేప్‌ఫ్రూట్ తొన. ఈ సూత్రాన్ని నేను కొన్నేళ్ళు శ్రద్ధగా పాటించి, ఇప్పుడు వదిలేశాను. ముంజేతి కంకణానికి అద్దమెందుకన్నది నా ప్రశ్న. జిన్ మారేలో ఆలివ్, థైమ్, బేసిల్, రోజ్‌మేరీ నాలుగూ కలిసిమెలిసి ఉండగా, వాటిలో ఒక్కదాన్ని తెచ్చి గ్లాసు అంచున నిలబెడితే, ముక్కుకు మొదట తగిలేది ఆ పచ్చి ఆకు వాసనే తప్ప సీసాలోని నాలుగింటి పొందిక కాదు. ఆపైన లెమన్ థైమ్, రోజ్‌మేరీ సారాలున్న ఫీవర్-ట్రీ మెడిటరేనియన్ టానిక్ కూడా పోస్తే అది వట్టి చర్వితచర్వణం. ముగ్గురూ ఒకే మాట అంటుంటే జిన్ ఏమందో వేరుగా వినబడదు.

దీనికి బదులు గ్లాసులో ఏది లోపించిందో గుర్తించి, దాన్ని గార్నిష్‌గా తేవాలంటాను. జపాన్ జిన్ రోకు ఇందుకు మంచి ఉదాహరణ. అందులో సకురా (చెర్రీ) పువ్వు, సకురా ఆకు, యూజు అనే నిమ్మజాతి పండు తొక్క, సెంచా, గ్యోకురో తేయాకులు, సాన్షో మిరియం అనే ఆరు జపాన్ దినుసులున్నాయి. వాటి కింద జునిపర్, ధనియాల వంటి పాత కాపులూ ఉన్నారు. తయారీదారులు సిఫారసు చేసే గార్నిష్ మాత్రం ఈ జాబితాలో ఎక్కడా లేని పచ్చి అల్లం. తేయాకు మెత్తని వగరుకూ పూల వాసనకూ లేని ఘాటును అల్లం తెచ్చిస్తుంది, వాటి చోటును మాత్రం ఆక్రమించదు. సూత్రం ప్రకారం యూజు తొక్క వేసి చూడండి. తేయాకు ఎక్కడికో పోయి, ఏదో ఒక పుల్లని పండు వాసన మాత్రమే మిగులుతుంది. అనుభవమున్న వారు కారణాలతో సహా తమ అభిప్రాయం చెప్పగలరు.

నిమ్మతొన

చేదుప్రియుడు గారూ, మీరు ఏమీ కలపకుండా చప్పరించిన జిన్‌ను మనసులో ఉంచుకొని, టానిక్ కలిపిన జిన్‌పై తీర్పు చెబుతున్నారు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న జిన్ 50 మిల్లీలీటర్లకు 150 మిల్లీలీటర్ల టానిక్ కలిపితే ఆ గ్లాసులో ఆల్కహాల్ 10 శాతానికి దిగుతుంది. పైగా అది మంచుగడ్డల మధ్య చల్లబడి ఉంటుంది. చల్లదనం వాసనలను అణచివేస్తుందని అందరికీ తెలిసిందే. అప్పుడు ముందుగా కనుమరుగయ్యేవి నిమ్మ, నారింజ తొక్కల వంటి తేలికపాటి పరిమళాలు. వంతపాడే గార్నిష్ చేసే పని ఆ పోయినదాన్ని తిరిగి తెచ్చిపెట్టడమే. బీఫీటర్‌లో నిమ్మ తొక్క, సెవిల్ నారింజ తొక్క రెండూ ఉన్నా, టానిక్ పోశాక వాటిని వెతుక్కోవలసి వస్తుంది. గ్లాసు మీద ఒక్క నారింజ తొక్కను మెలిపెట్టి వదిలితే, తొక్కలోని నూనె పైన సన్నని పొరలా పరుచుకొని, జిన్‌లో నిద్రపోతున్న నారింజను తట్టి లేపుతుంది. ఇది పునరుక్తి కాదు, మరమ్మతు.

హెండ్రిక్స్ విషయంలో ఇంకొక మాట. అందులోని కీరదోస, గులాబీ సారాలను బట్టీలో దింపరు, ఆ తరువాత కలుపుతారు. సారంలో కీరదోస వాసన ఉంటుంది గానీ, పచ్చి ముక్కలోని నీటిదనం, ఆ చల్లని పచ్చిదనం ఉండవు. పేరు ఒకటే అయినంత మాత్రాన అవి రెండూ ఒకే రుచి కావు కదా?

బట్టీకాపరి

మీరిద్దరూ జిన్ అనే ఒకే వస్తువు ఉన్నట్లు మాట్లాడుతున్నారు. గార్నిష్ గొడవకు ముందు జిన్ రకాన్ని, గ్లాసులో మూడొంతులు ఆక్రమించే టానిక్‌ను పట్టించుకోకపోతే ఈ చర్చ ఎటూ తేలదు.

లండన్ డ్రై అనే జిన్ రకానిది ఊరి పేరు కాదు, పద్ధతి పేరు. 2019 నాటి ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం జిన్‌లో కనీసం 37.5 శాతం ఆల్కహాల్ ఉండాలి, జునిపర్ రుచి ప్రధానంగా వినిపించాలి. లండన్ జిన్ అనిపించుకోవాలంటే రుచులన్నీ బట్టీలోనే రావాలి, తరువాత రంగులూ సారాలూ కలపకూడదు, చక్కెర లీటరుకు 0.1 గ్రాము దాటకూడదు. అందుకే హెండ్రిక్స్ ఎంత బాగున్నా లండన్ డ్రై కాదు. ఈ వర్గంలో టాంకరేను నేను కొలబద్దగా పెట్టుకుంటాను. అందులో జునిపర్, ధనియాలు, ఏంజెలికా వేరు, అతిమధురం అనే నాలుగే దినుసులు. నాలుకపై మొదట దేవదారు చెక్కను తలపించే జునిపర్ చేదు, ఆ వెంటనే ధనియాల నుంచి వచ్చే నిమ్మ ఛాయ, చివర ఏంజెలికా పొడి మట్టివాసన వరుసగా నడుస్తాయి. ఇందులో నిమ్మజాతి పండు ఏదీ లేదని గమనించండి. అయినా పచ్చి నిమ్మ తొన దీనికి చక్కగా అతుకుతుంది, ఎందుకంటే ధనియాలు ఆ దారిని ముందే వేసి ఉంచాయి. దీన్ని వంతపాడటం అనాలా, ఎదురు నిలవడం అనాలా? మీ రెండు గదుల్లో ఇది ఏ గదిలోనూ ఇమడదు.

ప్లిమత్ జిన్ దీనికంటే మెత్తన. వేర్ల మట్టివాసన ఎక్కువ, జునిపర్ పదును తక్కువ. దానికి గట్టి చేదు టానిక్ పోస్తే జిన్ ఓడిపోతుంది. అదే సంస్థ 57 శాతంతో తీసే నేవీ స్ట్రెంగ్త్ అనే గాఢమైన జిన్‌ను పైన చెప్పిన పాళ్ళలో కలిపితే గ్లాసులో 14 శాతం పైగా ఆల్కహాల్ నిలుస్తుంది కనుక, ఎంత చేదు టానిక్‌తోనైనా అది తలపడగలదు. ఓల్డ్ టామ్ అనే పాతకాలపు జిన్ రకం స్వతహాగా కాస్త తీపి. చాలా టానిక్‌లలో 100 మిల్లీలీటర్లకు 8 గ్రాముల అటూఇటుగా చక్కెర ఉంటుంది కనుక, ఓల్డ్ టామ్‌కు చక్కెర తగ్గించిన టానిక్ వెతుక్కోవాలి. నిమ్మ తొక్క చాలు, పండు ముక్కలు వద్దు. జిన్‌కు పూర్వరూపమైన డచ్చి సారాయి జెనీవర్ సంగతికి వస్తే, మొలకెత్తించిన ధాన్యంతో తీసే మాల్ట్ సారాయి పాలు కనీసం 15 శాతం ఉండే ఔడె రకాన్ని టానిక్‌లో ముంచడం నా దృష్టిలో అపచారం. ఆ ధాన్యపు రుచికీ క్వినైన్‌కూ పొసగదు. యోంగె రకం ఫరవాలేదు. అన్నట్టు, ఔడె, యోంగె అన్నవి పాత, కొత్త పద్ధతుల పేర్లే గానీ, పీపాలో గడిపిన వయసుకు సంబంధించినవి కావు. సీసా కొనేటప్పుడు చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇక టానిక్. సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను ఫ్రెంచి శాస్త్రవేత్తలు పెల్తియే, కావంతూ 1820లో వేరుచేశారు. 1858లో ఎరాస్మస్ బాండ్ టానిక్ నీటికి పేటెంటు పొందాడు. ఆనాడు అది ఔషధం, నేడు రుచి మాత్రమే. అమెరికాలో టానిక్‌లో క్వినైన్ పది లక్షల పాళ్ళకు 83 పాళ్ళు దాటకూడదని నియమం ఉంది. ఆ కొద్దిపాటిదే నాలుక వెనుక భాగాన్ని పట్టుకొని వదలదు. కాబట్టి చేదుప్రియుడు గారూ, మీరు గార్నిష్‌తో తేవాలనుకుంటున్న ఎదురు టానిక్‌లోనే ఉంది. చేదు, పులుపు, తీపి, బుడగల చురుకు, ఈ నాలుగూ జిన్‌ను నాలుగు వైపుల నుంచి ఎదిరిస్తుంటే, అయిదో ప్రత్యర్థిని దింపడం ఎందుకు?

ఎల్డర్‌ఫ్లవర్ టానిక్ వంటి సువాసన టానిక్‌ల విషయంలో నా నియమం సులువైనది: టానిక్‌కు సొంత పరిమళం ఉంటే గార్నిష్ ఉండకూడదు, జిన్ జునిపర్ ప్రధానమైనదై ఉండాలి. అరవై రకాల పూల వాసనలున్న కొత్త తరం జిన్‌కు మాత్రం వాసన లేని మామూలు టానిక్కే గతి.

చేదుప్రియుడు

బట్టీకాపరి గారి ధనియాల ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. వంతపాడటమంటే అదే దినుసును వేయడమని నేను ఇరుకుగా అర్థం చేసుకున్నాను. అదే వాసన కుటుంబానికి చెందిన వేరే దినుసును వేయడం మూడో దారి. అది జిన్‌ను కప్పదు, దాని చివరి మాటను కాస్త పొడిగిస్తుంది.

అయితే నిమ్మతొన గారి మరమ్మతు వాదాన్ని ఒప్పుకోలేను. నీరు కలిస్తే వాసన తగ్గుతుందన్నది సగం నిజమే. జునిపర్, నిమ్మ తొక్కల నూనెలు ఆల్కహాల్‌లో హాయిగా కరుగుతాయి, నీటిలో కరగవు. ఆల్కహాల్ పలచబడినప్పుడు అవి ద్రవంలో ఉండలేక బయటికి వస్తాయి. నూనె బాగా ఉన్న కొన్ని జిన్‌లు నీరు తగలగానే మబ్బుపట్టేది ఇందుకే. అంటే టానిక్ పోయడం వల్ల కొన్ని వాసనలు అణగిపోకుండా గాలిలోకి విడుదలవుతాయి, పైకెగసే బుడగలు వాటిని ముక్కు దాకా మోసుకొస్తాయి. మీరు చెప్పిన చల్లదనం నిజమే, కానీ దానికి మందు నారింజ తొక్క కాదు. మెల్లగా కరిగే పెద్ద మంచుగడ్డలు వాడి, రెండు నిమిషాలు ఆగి తాగడం.

ఇంకొకటి: గార్నిష్ పేరుతో చాలామంది చేసేది నిమ్మరసం పిండడం. టానిక్‌లో సిట్రిక్ ఆమ్లం ముందే ఉంటుంది. రసం పిండితే పులుపు పెరిగి క్వినైన్ చేదు వెనక్కి పోయి, అన్ని జిన్‌లూ ఒకే నిమ్మ పానీయంలా తయారవుతాయి. తొక్క ముక్కుకు పని చెబుతుంది, రసం నాలుకకు పని చెబుతుంది. ఈ రెండింటినీ గార్నిష్ అనే ఒకే మాట కింద కలపడం వల్లనే సగం వాదాలు పుడుతున్నాయి.

మూడోగ్లాసు

ఇన్నాళ్ళూ చదువుతూ మౌనంగా ఉన్నాను. అసలు గార్నిష్ అవసరమా అని ఒక్కరూ అడగకపోవడం ఆశ్చర్యంగా ఉంది. స్పెయిన్‌లో పెద్ద గుండ్రటి గ్లాసులో పళ్ళూ ఆకులూ మిరియాలూ నింపి ఇచ్చే పద్ధతి వచ్చాక, పానీయం కంటే తోట ఎక్కువైంది. శంఖపుష్పంతో నీలిరంగు పట్టించిన జిన్‌లు మరొక వేడుక: టానిక్‌లోని ఆమ్లం తగలగానే నీలం కాస్తా గులాబీ రంగుకు మారుతుంది, చూసేవారు చప్పట్లు కొడతారు, రుచిలో మాత్రం ఆ మార్పుకు జాడ ఉండదు.

నేను ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకున్నాను. మరొకరి చేత మూడేసి గ్లాసులు కలిపించి, కళ్ళు మూసుకొని రుచి చూశాను: ఒకటి గార్నిష్ లేనిది, ఒకటి అదే దినుసు వేసినది, ఒకటి వేరే దినుసు వేసినది. నాలుగు దినుసుల టాంకరేతో గార్నిష్ ఉన్న రెండు గ్లాసులూ గార్నిష్ లేనిదాని కంటే స్పష్టంగా మెరుగు. కానీ 47 దినుసులతో, 47 శాతం బలంతో వచ్చే మంకీ 47 వంతు వచ్చేసరికి, గార్నిష్ లేని గ్లాసునే రెండుసార్లూ ఎంచుకున్నాను. ముక్కులో లింగన్‌బెర్రీ అనే ఎర్రని అడవి పండు, మిరియాల కారం, అడవి వాసన ఒకదాని తరువాత ఒకటి వస్తుంటే, నిమ్మ తొక్క వేసిన గ్లాసు ఆ వరుసను చెడగొట్టి పచ్చి చేదుగా తోచింది. దినుసులు పెరిగే కొద్దీ గార్నిష్ తగ్గాలన్నది ప్రస్తుతానికి నా లెక్క. ఇది ఒక్క నాలుక తీర్పు, అంతకు మించి బరువు మోపను.

నిమ్మతొన

మూడోగ్లాసు గారూ, మీ పరీక్ష నచ్చింది. ఒక్క సందేహం. పచ్చి చేదు అన్నారు. తొక్క నూనెకు వాసన ఉంటుంది, కొంచెం చురుకు ఉంటుంది గానీ, అంత చేదు రాదు. మీరు వేసింది తొక్కా, తొనా? తొక్కే అయితే లోపలి తెల్ల పొరను గీకి తీశారా?

మూడోగ్లాసు

తొక్కే. రసం ఒక్క చుక్క కూడా పడలేదు. కలిపిన వారిని ఇప్పుడే అడిగాను. తెల్ల పొర తీయలేదట.

నిమ్మతొన

అదీ సంగతి. తెల్ల పొర చేదు క్వినైన్ చేదుకు తోడైతే మంకీ 47 ఒక్కటే కాదు, ఏ జిన్ కూడా నిలవదు. ఆ గ్లాసు ఓటమిని మా పక్షం ఖాతాలో రాయకండి.

చేదుప్రియుడు

మా పక్షం ఖాతాలోనూ రాయవద్దు. మూడోగ్లాసు గారూ, వీలైతే సన్నగా గీసిన తొక్కతో ఆ ఒక్క గ్లాసును మళ్ళీ చేయండి. ఈసారి అల్లం గ్లాసు కూడా పక్కన పెట్టించండి.