చర్చ: సీరియళ్లలో పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల వయసు ఎక్కడికి పోయింది?

పాలకొల్లు పాఠకురాలు:
రాత్రి ఏడు గంటలకు మా అత్తగారు లేసు అల్లిక ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు. డెబ్బై రెండేళ్ల మనిషి. చూడకుండానే వేళ్లు దారాన్ని తిప్పుతుంటాయి, చూపు మాత్రం తెర మీదే. మొన్న ఆమె ఈడు పాత్ర ఒకటి పట్టుచీరతో, ఒంటినిండా నగలతో హాల్లో నిలబడి కోడలిని గెంటేయడానికి పథకం వేస్తుంటే, "ఈవిడకి వేరే పనేమీ ఉండదా?" అని అడిగారు. ఆ మాట పట్టుకునే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. మన సీరియళ్లలో కాలేజీ పిల్లలంటే ఫోను, ప్రేమ, ఎదురు సమాధానాలు. పెద్దలంటే అయితే త్యాగం, కాకపోతే కుట్ర. ఈ మూస కథకు తప్పనిసరా, లేక రాసేవారి బద్ధకమా? నాకైతే బద్ధకమే అనిపిస్తోంది.

సంభాషణల రచయిత, రాజమహేంద్రవరం:
కొన్నాళ్లు సీరియళ్లకు సంభాషణలు రాసినవాడిగా ఆ నింద మోయడానికి సిద్ధమే కానీ, మా ఇబ్బంది కూడా వినండి. ప్రకటనలు గంటకు 12 నిమిషాలకు మించరాదని కేబుల్ టెలివిజన్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ లెక్కన అరగంటలో కథకు మిగిలేవి 24 నిమిషాలు. నిన్నటి కథను గుర్తుచేయడానికి అందులోనూ కొంత పోతుంది. చూసేవారు మధ్యలో లేచి పొయ్యి మీద కూర చూసి వస్తారు. వచ్చి కూర్చోగానే ఎవరెవరో తెలియాలంటే వయసుకన్నా సులువైన గుర్తు లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు తెర మీదికి రాగానే జనం నవ్వలేదా? మూస మనకు కొత్తేమీ కాదు.

రాజోలు ఇంటర్ విద్యార్థిని:
రచయిత గారూ, కేతిగాడు మధ్యలో వచ్చి నవ్వించి వెళ్లిపోతాడు, రాముడి కథను అతను నడపడు. మీ సీరియల్లో కథను నడిపేదే మూస. మా అమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఆమె పంపిన డబ్బు బ్యాంకు నుంచి తేవడం, తమ్ముడి ఫీజు కట్టడం, అమ్మమ్మకు షుగర్ మాత్రలు వేళకు ఇవ్వడం నా పని. అలాగని నన్ను బుద్ధిమంతురాలిగా చూపించమని కోరడం లేదు, అదీ మూసే అవుతుంది. మా అమ్మమ్మా త్యాగమూర్తి కాదు. నేను కాలేజీకి వెళ్లగానే బెల్లం డబ్బా తీస్తుంది, సాయంత్రం అడిగితే చీమలు తిన్నాయంటుంది.

చెరువుల రైతు, భీమవరం:
మా అబ్బాయికి పదిహేడు. మాటకు మాట అప్పజెబుతూనే ఉంటాడు కాబట్టి సీరియల్ పూర్తిగా అబద్ధమని నేను అనలేను. అయితే ఈమధ్య ఒక రాత్రి రెండు గంటలకు కరెంటు పోయి రొయ్యల చెరువులో ఏరేటర్లు ఆగిపోతే, నాకంటే ముందు లేచి టార్చిలైటుతో గట్టు వెంట పరుగెత్తి జనరేటర్ వేసింది వాడే. ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలితే పంటంతా పోయేది. తెల్లారాక బండి తాళాల కోసం మళ్లీ నాతో గొడవ. సీరియల్‌కు ఆ గొడవ ఒక్కటే కావాలి.

పాలకొల్లు పాఠకురాలు:
నిజానికి కౌమారాన్ని తప్పుగా చూపడంకన్నా అసలు చూపకపోవడమే ఎక్కువగా జరుగుతోంది. 'కార్తీకదీపం'లో చిన్నపిల్లలైన హిమ, శౌర్య 2022లో కథ ఒక్కసారిగా ఏళ్లు దాటేయడంతో పెళ్లీడు యువతులైపోయారు. పదో తరగతి, ఇంటర్, మొటిమలు, అలకలు అన్నీ ఆ దాటులో మాయం. మరోవైపు, హిందీ నుంచి అనువాదమై వచ్చిన 'చిన్నారి పెళ్ళికూతురు'లో నానమ్మ కల్యాణీదేవి మొదట మనవడి భార్యగా వచ్చిన పసిపిల్లను నానా బాధలూ పెట్టి, చాలా కాలానికి మెల్లమెల్లగా మారింది. మా అత్తగారు ఆవిడను తిట్టుకుంటూనే ఆవిడ కోసం ఎదురుచూసేవారు. అరగంటకు 24 నిమిషాలే కావచ్చు, కానీ వందల భాగాలు చేతిలో ఉన్నవారు మనిషిని చూపడానికి సమయం లేదంటే నేను ఒప్పుకోను.

సంభాషణల రచయిత, రాజమహేంద్రవరం:
భాగాల లెక్కలో మీదే పైచేయి, అమ్మా. కానీ పిల్లలతో రోజూ షూటింగ్ నడపడం తేలిక కాదు. బాలనటుల చేత రోజుకు 5 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా 3 గంటలకు మించి పని చేయించరాదని 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనలు చెబుతున్నాయి, అది న్యాయమే కూడా. రోజుకొక భాగం ఇవ్వాల్సిన నిర్మాత కథను ముందుకు దూకించడానికి ఇదీ ఒక కారణం.

రాజోలు ఇంటర్ విద్యార్థిని:
ఆ నిబంధనలో బాలలంటే పద్నాలుగేళ్లు నిండనివారే కదండీ. నాకు పదహారు. మరి నన్నెందుకు దాటేశారు?