ఐదో తరగతి పిల్లను జపాన్ యాత్రకు పంపవచ్చా?

ప్రశ్న: అమలాపురం దగ్గరి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఐదో తరగతి చదువుతోంది. వచ్చే వేసవి సెలవుల్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లలను పది రోజులు జపాన్ తీసుకువెళ్తామని, అందులో మూడు రాత్రులు అక్కడి కుటుంబాల ఇళ్లలో ఉంచి, రెండు రోజులు ఒక ప్రాథమిక పాఠశాలలో అక్కడి పిల్లల పక్కనే కూర్చోబెడతామని పాఠశాలవారు కాగితం పంపారు. పిల్ల ఇంతవరకు అమ్మమ్మగారింట్లో తప్ప నన్ను విడిచి ఎక్కడా పడుకోలేదు. మేము శాకాహారులం. మావారు కువైట్‌లో ఉండడంతో పాస్‌పోర్టు సంతకాల సంగతి కూడా తెలియడం లేదు. ఈ వయసులో ఇంత దూరం పంపితే నిజంగా ఏమైనా నేర్చుకుంటుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1: రాజోలు నుంచి వెళ్లి జపాన్‌లో ఉంటున్న ఒక తండ్రి

అమ్మా, మా అబ్బాయి ఇక్కడి ప్రాథమిక పాఠశాలలోనే చదువుతున్నాడు కాబట్టి కళ్లారా చూసినవే చెబుతాను. ముందుగా తేదీలు అడగండి. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు ఇక్కడ పండుగ సెలవులు దగ్గరదగ్గరగా పడతాయి. ఆ వారంలో వస్తే పిల్లలు రద్దీనే చూస్తారు గాని బడిని చూడలేరు. మే రెండో వారం దాటితే బడులు నిండుగా నడుస్తుంటాయి.

బడిలో మీ అమ్మాయి చూడవలసింది పాఠం కాదు, మధ్యాహ్న భోజనం. వంతు వచ్చిన పిల్లలు తెల్లటి ఏప్రాన్లు, టోపీలు వేసుకుని తోటివారికి తామే వడ్డిస్తారు. అందరూ కలిసి "ఇతదాకిమాస్" (తినే ముందు చెప్పే కృతజ్ఞత మాట) అన్న తరువాతే ముద్ద నోట పెడతారు. తరగతి గది ఊడ్చి తుడిచేది కూడా పిల్లలే. ఇంకొక మాట. ఇక్కడ ఐదో తరగతి సాంఘిక శాస్త్రంలో వరి సాగు ఒక పాఠం, చాలా బడుల్లో పిల్లల చేత నాట్లు కూడా వేయిస్తారు. మన దాళ్వా (రెండో పంట వరి) కోతలైపోయి, కాలువలు కట్టేసి, చేలు బీటలు వారే మే నెలలో ఇక్కడ అనేక ప్రాంతాల్లో మళ్లకు నీళ్లు పెట్టి ఊడ్పులు మొదలవుతాయి. డెల్టా పిల్లలను తీసుకువస్తూ ఆ మడిలో దింపకపోతే అంత దూరం వచ్చిన ఫలం సగం పోయినట్టే.

భోజనం విషయంలో గట్టిగా ఉండండి. ఇక్కడి చారుల్లో, కూరల్లో చాలావాటికి "దాషి" అనే రసం ఆధారం, దానిని ఎక్కువగా ఎండు చేపతో కాస్తారు. గిన్నెలో చేప కనిపించదు కాబట్టి ఇంటివారు శాకాహారమేనని నమ్మి ప్రేమగా పెడతారు. మాంసం, చేప, గుడ్డు, చేప రసం తినదని జపనీస్‌లో రాయించిన కాగితం పిల్ల సంచిలో ఉండాలి. జలుబు మందులు కూడా డాక్టరుకు చూపించి సర్దండి. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పది శాతానికి మించితే ఆ మందులను ఈ దేశంలోకి తేనివ్వరు.

సమాధానం 2: భీమవరం, విశ్రాంత ఉపాధ్యాయిని

వయసు చిన్నదని నేను అనుకోను. పదేళ్ల పిల్ల తప్పు మాట్లాడతానేమోనని సిగ్గుపడదు, రెండు రోజుల్లో సైగలతోనే స్నేహం చేస్తుంది. అయితే ఒక్కో ఇంట్లో ఇద్దరు పిల్లలను ఉంచుతారా, ఆ ఇళ్లను మన ఉపాధ్యాయులు ముందుగా చూస్తారా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. అక్కడి సమయం మనకంటే మూడున్నర గంటలు ముందు. వారి రాత్రి ఎనిమిది మనకు సాయంత్రం నాలుగున్నర, కాబట్టి పిల్ల నిద్రకు ముందు మాట్లాడే వేళ ఇప్పుడే నిర్ణయించుకోండి.

చూసి రావడమే కాదు, చెప్పి రావడం కూడా ఉండాలి. కనుమనాడు జగ్గన్నతోటకు ఊరేగించే ప్రభల (దేవుళ్లను నిలిపి అలంకరించిన వెదురు చట్రాల) బొమ్మలు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు మన చేలకు ఎలా చేరిందో పిల్లలే గీసిన పటం తీసుకువెళ్లాలి. ఆ పటం తరగతి అంతా కలిసి గీస్తే, డబ్బు కట్టలేక ఆగిపోయిన పిల్లల చేయి కూడా అందులో ఉంటుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ పిల్లల సంగతే.

సమాధానం 3: తణుకు

పాస్‌పోర్టు గురించి మాత్రమే చెబుతాను. మైనరు దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి అంగీకారం అనుబంధం డి (Annexure D) అనే పత్రం రూపంలో కావాలి. తండ్రి విదేశంలో ఉంటే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రమాణ పత్రం పంపించాలి. మా ఇంట్లోనూ అలాగే చేశాము. ఆ పత్రం రావడానికే రోజులు పట్టింది, ఇప్పుడే చెప్పండి.

ప్రశ్న అడిగిన తల్లి

మీ అందరికీ కృతజ్ఞతలు. కాగితం తీసి చూస్తే ప్రయాణం మే 1న అని ఉంది, వరి మడి ఊసే లేదు. సోమవారం పాఠశాలకు వెళ్లి తేదీలు మార్చమని, ఇళ్ల వివరాలు, తరగతి పటం గురించి అడుగుతాను. రాయబార కార్యాలయం సంగతి మావారికి ఈ రాత్రే చెబుతున్నాను.