ట్రిగర్ లెక్కగట్టిన నికర బరువు ఆబ్జెక్ట్‌లోకి ఎందుకు రావడం లేదు?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి దుకాణానికి పైథాన్, ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్), ఎస్‌క్యూఎల్ఆల్కెమీ (టేబుల్ వరుసలను పైథాన్ ఆబ్జెక్ట్‌లుగా చూపే లైబ్రరీ)లతో తూకాల ప్రోగ్రాం రాశాను. కాంటా బరువులోంచి ఖాళీ సంచి బరువు తీసివేసే లెక్కను పైథాన్ ఫంక్షన్‌గా రాసి, కనెక్షన్‌కు జతచేసి, బస్తాల టేబుల్ మీద పెట్టిన ఆఫ్టర్ ఇన్సర్ట్ ట్రిగర్ (వరుస చేరగానే డేటాబేస్ తానే నడిపే ఆదేశం) నుంచి పిలుస్తున్నాను. 41.5 కిలోల మిర్చి బస్తాను నమోదు చేస్తే టేబుల్‌లో 40.5 అని సరిగానే పడుతోంది. కానీ ఫ్లష్ చేసి (మార్పులను డేటాబేస్‌కు పంపి), కమిట్‌కు (వాటిని ఖాయం చేయడానికి) ముందే ముద్రించే తక్‌పట్టీలో (రైతుకిచ్చే తూకం చీటీలో) మాత్రం, క్లాస్‌లో నేనిచ్చిన డిఫాల్ట్ సున్నాయే వస్తోంది. పైగా నిన్న ఒక బస్తాను ఎస్‌క్యూలైట్ కమాండ్ లైన్ నుంచి చేర్చబోతే ‘నో సచ్ ఫంక్షన్’ అని ఆగిపోయింది. రైతు చేతికి వెళ్లే కాగితం కాబట్టి దయచేసి త్వరగా చెప్పగలరు.

జవాబు 1:
ఇవి రెండు వేర్వేరు సమస్యలండి. ఆబ్జెక్ట్ తాను పంపిన విలువనే పట్టుకుని ఉంటుంది, ట్రిగర్ వెనుక ఏం మార్చిందో దానికి తెలియదు. ఫ్లష్ తరువాత సెషన్ రిఫ్రెష్‌తో ఆ ఆబ్జెక్ట్‌ను టేబుల్ నుంచి మళ్లీ చదివించండి. 2021లో ఎస్‌క్యూలైట్ 3.35తో వచ్చిన రిటర్నింగ్ (చేర్చిన వరుస విలువలను వెంటనే తిరిగిచ్చే సౌకర్యం) ఇక్కడ పనికిరాదు, ఆఫ్టర్ ట్రిగర్ చేసిన మార్పులను అది చూపించదు.

రెండోది: ఫైల్‌లో భద్రమయ్యేది ట్రిగర్ పాఠం మాత్రమే, ఫంక్షన్ మీ ప్రోగ్రాం తెరిచిన కనెక్షన్‌తోనే ఉంటుంది. పూల్ (కనెక్షన్లను సిద్ధంగా ఉంచే ఎస్‌క్యూఎల్ఆల్కెమీ భాగం) కొత్త కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ అది నమోదయ్యేలా ‘కనెక్ట్’ ఈవెంట్‌లో పెట్టండి. కమాండ్ లైన్‌కు మాత్రం అది ఎప్పటికీ కనిపించదు.

జవాబు 2 (కరీంనగర్ నుంచి):
పై జవాబు సరైనదే, అయితే ఒక తీసివేతకు ఇంత ఏర్పాటు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. 2020 జనవరిలో వచ్చిన 3.31 నుంచి ఎస్‌క్యూలైట్‌లో జనరేటెడ్ కాలమ్‌లు (ఇతర కాలమ్‌ల నుంచి డేటాబేసే లెక్కగట్టేవి) ఉన్నాయి; లెక్కను సాదా ఎస్‌క్యూఎల్‌లోనే రాసి, క్లాస్‌లో ‘కంప్యూటెడ్’ అని ప్రకటిస్తే ఏ టూల్‌తో తెరిచినా అదే బరువు వస్తుంది. అలాంటి కాలమ్ తన వరుసలోని విలువలనే చూడగలదు కాబట్టి, సంచి బరువు వేరే టేబుల్‌లో ఉంటే దాన్ని బస్తా వరుసలోనే నమోదు చేయాలి. ఇప్పటికే ఉన్న టేబుల్‌కు వర్చువల్ రకాన్నే (చదివినప్పుడు లెక్కగట్టేది) చేర్చగలరు, స్టోర్డ్ రకం (లెక్కను ఫైల్‌లో దాచేది) కుదరదు. ట్రిగర్‌ను బరువు దిద్దినప్పుడు పాత అంకెను చిట్టా టేబుల్‌లో దాచడానికి ఉంచుకోండి; ఆ పనికి ఆబ్జెక్ట్‌తో నిమిత్తం లేదు.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. రిఫ్రెష్ పెట్టగానే తక్‌పట్టీలో 40.5 పడింది. వర్చువల్ కాలమ్‌ను ఈ రాత్రికే వేరే పేరుతో చేర్చి, పాత బరువులతో ఒక్కొక్కటిగా సరిచూస్తాను. సున్నాతో వెళ్లిన కాగితాలను రేపు కాంటాలు మొదలుకాకముందే మళ్లీ ముద్రించి ఇప్పిస్తాను.