డ్రాగన్ రాపిడ్: పుట్టేనాటికే పాతబడ్డ విమానమా?

గాలిమోటారు:
వాట్సాప్ గ్రూపులో తేలని గొడవ ఇక్కడికి తెస్తున్నా. బ్రిటన్‌కు చెందిన డి హావిలాండ్ కంపెనీ డి.హెచ్.89 డ్రాగన్ రాపిడ్ 1934 ఏప్రిల్‌లో తొలిసారి ఎగిరింది. ప్లైవుడ్ ఒళ్లు, దానిమీద గుడ్డ, పైనా కిందా రెక్కలు, మడుచుకోని చక్రాలు. 200 హార్స్‌పవర్ ఇంజన్లు రెండు, ఆరు నుంచి ఎనిమిది మంది ప్రయాణికులు. అంతకు ఏడాది ముందే అమెరికాలో బోయింగ్ 247 పూర్తి లోహపు ఒంటితో, ఒంటి రెక్కతో ఎగిరింది. మరి బ్రిటన్ వాళ్లు నిద్రపోయారా, తెలిసే ఇలా కట్టారా? నా ఓటు రెండోదానికి. కాదనేవాళ్లు రండి.

కొలబద్ద:
నిద్రే. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్‌కు విమానాల పందెం జరిగింది. దారిలో బాగ్దాద్, మన అలహాబాద్, సింగపూర్ లాంటి చోట్ల దిగి తీరాలి. గెలిచింది డి హావిలాండ్ వాళ్ల కామెట్టే, కాదనను. కానీ అది పందెం కోసమే కట్టిన రెండు సీట్ల విమానం. రెండోది? డచ్ సంస్థ కె.ఎల్.ఎం. నడిపిన డగ్లస్ డి.సి.-2. రోజూ నడిచే రకం ప్రయాణికుల విమానం, మనుషుల్నీ ఉత్తరాల్నీ వేసుకుని మరీ సుమారు 90 గంటల్లో చేరింది. మూడోది బోయింగ్ 247. న్యూజిలాండ్ వాళ్లు తెచ్చిన రాపిడ్ కూడా ఆ పందెంలో ఉంది. అది దిగే వేళకు దండలు వాడిపోయి ఉంటాయి.

గాలిమోటారు:
కొలబద్ద గారూ, షేర్ ఆటోను వోల్వో బస్సుతో పరుగు పందెంలో నిలబెడితే ఎవరు గెలుస్తారో అందరికీ తెలుసు. రాపిడ్ ఎవరికోసం పుట్టిందో చూడండి. దీని అన్న డ్రాగన్ (డి.హెచ్.84, 1932) వెనకున్నది ఎడ్వర్డ్ హిల్‌మన్. ఎసెక్స్‌లో బస్సులు నడిపే ఆసామి. పారిస్‌కు చవగ్గా జనాన్ని చేరవెయ్యడానికి రెండింజన్ల విమానం కావాలని అడిగాడు, కంపెనీ చేసిచ్చింది. దేశంలోపల తిరిగే చిన్న సంస్థలకు అప్పట్లో సర్కారు సబ్సిడీ లేదు. టికెట్ డబ్బుల్లోంచే పెట్రోలు, పైలట్ జీతం, మరమ్మతు అన్నీ రావాలి.

ఇప్పుడు స్కాట్లండ్‌కు రండి. 1933 మేలో హైలాండ్ ఎయిర్‌వేస్ ఇన్వర్నెస్ నుంచి ఆర్క్నీ దీవుల్లోని కిర్క్‌వాల్‌కు సర్వీసు మొదలుపెట్టింది. మొదటి విమానం మోనోస్పార్ ఎస్.టి.-4, అదీ చిన్న రెండింజన్లదే. తర్వాత డ్రాగన్లు, రాపిడ్లు వచ్చాయి. 1934 మే 29 నుంచి అదే దారిలో మామూలు స్టాంపుతోనే ఉత్తరాలు గాల్లో వెళ్లాయి. అక్కడ రన్‌వే అంటే గడ్డి మైదానమే. బారా దీవిలో అయితే సముద్రపు ఇసుక మీదే దిగాలి, టైంటేబుల్ ఆటుపోట్లను బట్టి మారుతుంది. పద్నాలుగు సీట్ల డి.సి.-2 తీసుకెళ్లి అక్కడ రోజూ ఎవరితో నింపుతారు?

రెండు రెక్కలు ఎందుకంటే, రెక్క వైశాల్యం పెరిగితే తక్కువ వేగంలోనే లేస్తుంది, తక్కువ వేగంలోనే దిగుతుంది. రెంటి మధ్య కర్రలూ తీగలూ బిగిస్తే తేలిక చెక్కతోనే పని జరిగిపోతుంది. వేగం తగ్గుతుంది, నిజమే. గంటకు సుమారు 210 కిలోమీటర్లు. అదే దీవికి పడవలో వెళ్లేవాణ్ణి అడగండి, ఇది తక్కువంటాడేమో.

ఫెన్స్ కోడలు:
మధ్యలో దూరుతున్నా. మేముండేది కేంబ్రిడ్జ్ దగ్గర, డక్స్‌ఫర్డ్‌లో రాపిడ్‌లో ఇప్పటికీ తిప్పుతున్నారు, మా వారూ నేనూ ఎక్కాం. తోక నేలమీద ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లగానే మెట్టెక్కినట్టు ముందుకు ఎక్కాలి. అటొకటి ఇటొకటి సీట్లు, మధ్యలో మనిషి పట్టేంత సందు. పైలట్ ముక్కులో ఒక్కడే కూర్చుంటాడు, పక్కన రెండో సీటు లేదు! అది చూసి నాకు టెన్షన్. కిటికీలోంచి రెక్కల మధ్య తీగలు వణుకుతూ కనిపిస్తాయి. గడ్డి మీద ఇలా పరుగెత్తిందో లేదో అలా లేచింది. గాలిమోటారు గారు చెప్పిన వైశాల్యం లెక్క నాకు అక్కడ అర్థమైంది.

కొలబద్ద:
బాగుందండీ, కానీ సరదా షికారు వేరు, రోజువారీ సర్వీసు వేరు. ఆ ఒక్క పైలట్ సంగతే చూద్దాం. ప్రొపెల్లర్ బ్లేడ్ల కోణం మార్చే వీలు లేదు. నిండు బరువుతో ఒక ఇంజన్ ఆగితే దాని ప్రొపెల్లర్ గాలికి అడ్డంగా నిలబడి వెనక్కి లాగుతుంది, ఎత్తు నిలబెట్టడమే కష్టం. రెండింజన్లని టికెట్ కొన్నవాడికి ఇది ఎవరు చెప్పారు?

అమెరికాను పక్కన పెట్టండి. అదే 1934 జూన్‌లో అదే బ్రిటన్‌లో ఎయిర్‌స్పీడ్ కంపెనీ ఎన్వాయ్ ఎగిరింది. అదీ చెక్కే, అదీ ఆరుగురికే. కానీ ఒంటి రెక్క, మడుచుకునే చక్రాలు, వేగమూ ఎక్కువ. చెయ్యాలనుకుంటే చెయ్యగలరని దానర్థం. 1936 జనవరిలో ఎనిమిదో ఎడ్వర్డ్ రాజు ప్రయాణించింది రాపిడ్‌లో. మరుసటి ఏడాది రాజకుటుంబం కోసం కొన్నది ఎన్వాయ్. వాళ్లకు తేడా తెలిసింది.

నూనెచేతులు:
రాజుగారికి మెకానిక్కుల కొరత ఉండదు కదండీ. నేను విమానాల మరమ్మతులోనే ఉన్నా. మడిచే చక్రాలంటే అదనపు బరువు, దాన్ని చూసుకునే మనిషి, అది మొండికేస్తే బొడ్డు మీద దిగడం. చెక్కా గుడ్డా అంటే చిరిగినచోట అతుకు వేసి డోప్ (గుడ్డను బిగదీసే వార్నిషు) పూస్తే మర్నాటికి సర్వీసు. పోతే, చెక్కకు తడి శత్రువు. లోపల జిగురు వదిలేస్తే బయటికి తెలియదు. స్కాట్లండ్ వానల్లో, సముద్రపు గాలిలో అది చిన్న విషయం కాదు. ఈ మాట గాలిమోటారు గారు ఎత్తనే లేదు.

చరిత్రపిచ్చి:
1936 జులైలో స్పెయిన్ సైన్యాధికారి ఫ్రాంకోను కానరీ దీవుల నుంచి మొరాకోకు చేర్చింది కూడా రాపిడే. క్రాయ్‌డన్ నుంచి అద్దెకు తెచ్చారు, పైలట్ సెసిల్ బెబ్. స్పెయిన్ అంతర్యుద్ధం... సరే, టాపిక్ తప్పుతున్నా.

గాలిమోటారు:
తడి సంగతి ఒప్పుకుంటా నూనెచేతులు గారూ, ఇంజన్ సంగతీ ఒప్పుకుంటా. కానీ ఎన్వాయ్ మాటకొస్తే, మొత్తం కట్టినవి యాభై చిల్లర. రాపిడ్ 700 దాటింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఎటు మొగ్గారు?

కొలబద్ద:
ఆ 700లో సగానికి పైగా యుద్ధకాలంలో సైన్యం డామినీ పేరుతో రేడియో, నావిగేషన్ శిక్షణకు తీసుకున్నవి. వాటిని మీ బస్సు ఆసామి లెక్కలో కలపకండి. ఇంకోమాట, ఎన్వాయ్ నుంచి పుట్టిన ఆక్స్‌ఫర్డ్ శిక్షణ విమానాలు 8,000 దాటాయి. సైన్యం కొన్నదే కొలమానమైతే మీరే ఓడారు.

గాలిమోటారు:
సరే, సైన్యాన్ని తీసేద్దాం. యుద్ధానికి ముందు అమ్మినవే సుమారు 200. అప్పటికీ ఎన్వాయ్‌కి నాలుగింతలు. పైగా ఇంగ్లండ్ నైరుతి కొసనున్న సిల్లీ దీవులకు రాపిడ్ 1964 దాకా నడిచింది, ఆపాక దాని చోట హెలికాప్టర్ పెట్టారు. మధ్యలో 1945లో డి హావిలాండే దీనికి వారసుడిగా డవ్ తెచ్చింది: లోహం, ఒంటి రెక్క, మడుచుకునే చక్రాలు, మీరడిగినవన్నీ. అది వచ్చాక కూడా సిల్లీ గడ్డి మీద రాపిడ్ దాదాపు ఇరవై ఏళ్లు తిరిగింది. దీనికి మీ జవాబేంటి?

కొలబద్ద:
యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న డామినీలు చవగ్గా దొరికాయి, కొత్త డవ్‌కు డబ్బు పోయాలి. చవగ్గా దొరికినదాన్ని అరిగేదాకా నడిపారు. దాన్ని డిజైన్ గొప్పతనం ఖాతాలో రాస్తానంటే నేనొప్పుకోను.