మేరీ క్యూరీ ఫెలోషిప్ కోసం ఒక వేసవంతా కూర్చోవడం దండగా?

కాకతీయ_కెమ్

అందరికీ నమస్కారం. మాది వరంగల్. సాలిడ్ స్టేట్ బ్యాటరీల మీద పీహెచ్‌డీ అయిపోయింది, పట్టా చేతికొచ్చింది. యూరప్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగం) చేయాలని ఉంది. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి ప్రపోజల్ రాయమని మా గైడ్ అంటున్నారు. సీనియర్లేమో "అది వచ్చేది లేదు, చచ్చేది లేదు, ల్యాబ్‌లు ప్రకటించే పోస్టులకు అప్లై చేసుకో" అంటున్నారు.

లెక్కలు చూస్తే నాకూ భయమేస్తోంది. 2024 కాల్‌కి (ఏటా వచ్చే దరఖాస్తుల పిలుపు) 10,360 దరఖాస్తులు వస్తే 1,696 మందిని తీసుకున్నారు. 2025 సెప్టెంబరు 10న ముగిసిన కాల్‌కి ఏకంగా 17,058 వచ్చాయి. డబ్బేమో పెరగలేదు, 41.7 కోట్ల యూరోల నుంచి 40.4 కోట్లకు తగ్గింది. పదిమందిలో ఒకరికి వస్తే గొప్ప. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దీనికే కూర్చోవడం తెలివైన పనేనా? చేసినవాళ్లు చెప్పండి.

రైన్_ఒడ్డున

మీ సీనియర్లు చెప్పిందే కరెక్ట్. నేను జర్మనీలో ప్రాజెక్టు పోస్ట్‌డాక్‌గా ఉన్నాను. ప్రకటన వస్తుంది, సీవీ పంపుతారు, ఇంటర్వ్యూ, అయిపోయింది. మేరీ క్యూరీకి వేసవంతా రాసి, సెప్టెంబరులో వేసి, ఫిబ్రవరి దాకా ఎదురుచూడాలి. రాకపోతే చేతిలో ఏముంటుంది? ఒక పీడీఎఫ్.

ఆ జీతం సంగతి కూడా చెప్పాలి. 2021-22 వర్క్ ప్రోగ్రాంలో (ఈయూ వేసే నిబంధనల పత్రం) నెలకు 5,080 యూరోలని ఉండేది, తర్వాత పెంచారు. మనవాళ్లు దాన్ని వందతో గుణించి సంబరపడిపోతారు. అది యూనివర్సిటీకి వచ్చే మొత్తం. దాన్ని ముందు ఆ దేశపు ధరల గుణకంతో సవరిస్తారు, అందులోంచే యజమాని కట్టాల్సిన బీమా, పెన్షన్ వాటా పోతుంది, ఆ తర్వాత మీ వాటా, మీ పన్ను. చేతికొచ్చేది చూసి చాలామంది డీలా పడతారు. జర్మనీ ప్రాజెక్టు పోస్టులో టీవీఎల్ ఈ13 అనే ప్రభుత్వ జీతాల స్కేలు ఉంటుంది, ఎంతొస్తుందో ముందే తెలుస్తుంది.

బెల్జియం_అక్క

రైన్ గారూ, జీతం విషయంలో మీరు చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పారు. దాని మీద మొబిలిటీ అలవెన్సు ఉంటుంది, కుటుంబం ఉంటే ఫ్యామిలీ అలవెన్సు ఉంటుంది. నేను ఈ ఫెలోషిప్ మీదే ఇక్కడికి వచ్చాను, ఇబ్బందేమీ పడలేదు.

అసలు తేడా జీతంలో లేదు. ప్రాజెక్టు పోస్టులో ప్రొఫెసర్ ఎప్పుడో గెలుచుకున్న గ్రాంటులో రాసిన పని మీరు చేస్తారు. ఇక్కడ ఐడియా మీది. రేపు యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ స్టార్టింగ్ గ్రాంటుకో, మన దగ్గర రామానుజన్ ఫెలోషిప్‌కో వెళ్లినప్పుడు "నీ సొంత ఆలోచనేది?" అని అడుగుతారు. అప్పుడు చూపించడానికి ఒకటుండాలి.

కాకతీయ, "ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఇదే పని" అన్నావు చూడు, ఆ లెక్కే తప్పమ్మా. ప్రపోజల్‌లో ప్రధాన భాగం పది పేజీలే. రాయడానికి అంత కాలం పట్టదు. హోస్ట్‌ని, అంటే నిన్ను తన ల్యాబ్‌లో చేర్చుకునే ప్రొఫెసర్‌ని వెతకడానికి, ఒప్పించడానికి, కలిసి ఐడియాని మలచడానికి పడుతుంది. చాలా యూనివర్సిటీలు వసంతకాలంలోనే "మా దగ్గరికి ఎవరెవరు వస్తారు" అని పిలుపులిచ్చి, ఎంపికైనవాళ్లకు వర్క్‌షాపులు పెడతాయి. జులైలో మెయిల్ పెడితే ఆ బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

గుంటూరు_మిర్చి

ఇంత గోల ఎందుకండీ, హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒక కన్సల్టెన్సీవాళ్లు ప్రపోజల్ మొత్తం రాసిస్తారు. డబ్బు పారేస్తే పనైపోతుంది. లేదా ఏఐతో రాయించుకోండి, అరపూటలో పది పేజీలు.

పాత_పానెల్

మిర్చి గారూ, దరఖాస్తులు ఒక్క ఏడాదిలో అంత పెరగడానికి ఆ అరపూట పది పేజీలు కూడా ఒక కారణమని నా అనుమానం. నేను గతంలో ఈ ప్రపోజల్స్‌కి మార్కులు వేసినవాడిని. ఏ ప్యానెల్, ఏ ఏడాది అన్నది చెప్పను, పద్ధతి మాత్రం అందరికీ తెలిసిందే కాబట్టి చెప్తాను.

ఒక్కో ప్రపోజల్‌ని కనీసం ముగ్గురు చదువుతారు. ఎవరికి వాళ్లు విడిగా మార్కులు వేసి, కారణాలు రాసి, తర్వాత కూర్చుని ఒక మాట మీదికి వస్తారు. ఎక్సలెన్స్‌కి 50 శాతం, ఇంపాక్ట్‌కి 30, ఇంప్లిమెంటేషన్‌కి 20. మనవాళ్లు మొదటిదాని మీదే ఊపిరంతా పెట్టేసి, మిగతా రెండూ ఆఖరి వారంలో నింపుతారు. "ఫలితాలను మంచి జర్నల్స్‌లో ప్రచురిస్తాం, కాన్ఫరెన్సులకు వెళ్తాం" అని రాస్తే మార్కులెలా పడతాయి? ఎవరికి ఉపయోగం, వాళ్లకు ఎలా చేరుస్తారు, పేటెంటు మాటేమిటి, మామూలు జనానికి ఏం చెప్తారు, ఇవన్నీ అడుగుతారు. సగం మార్కులు ఇక్కడే పోతాయి.

ఎక్సలెన్స్‌లో కూడా సైన్స్ ఒక్కటే కాదు. హోస్ట్ నీకేం నేర్పుతాడు, నువ్వు హోస్ట్‌కి ఏం నేర్పుతావు అని రెండు వైపులా అడుగుతారు. రెండోది చాలామంది వదిలేస్తారు, లేదా మొహమాటపడి ఒక్క లైన్ రాస్తారు. "నాకు ఈ టెక్నిక్ వచ్చు, ఆ ల్యాబ్‌లో ఎవరికీ రాదు" అని నిక్కచ్చిగా రాయాలి. వినయం మంచిదే గానీ ఇక్కడ కాదు.

కన్సల్టెన్సీ రాసిచ్చింది చదవగానే పట్టుబడుతుందని అనను. కానీ అందులో ఏ హోస్ట్ పేరు పెట్టినా సరిపోయేలా ఉంటుంది. "ఈ పని ఈ ల్యాబ్‌లోనే, ఈ మనిషితోనే ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబుండదు. పైగా దరఖాస్తు ఎలా రాయాలో చెప్పే హ్యాండ్‌బుక్ ఉచితం, సలహాలిచ్చే నేషనల్ కాంటాక్ట్ పాయింట్లు ఉచితం, మన దగ్గర యూరాక్సెస్ ఇండియా (రీసెర్చర్ల కోసం ఈయూ నడిపే సేవ) సమావేశాలు ఉచితం. ఏఐ వాడొద్దని ఎవరూ అనడం లేదు. ఎలా వాడారో దాచొద్దంటారు, రాసినదానికి బాధ్యత మాత్రం పూర్తిగా మీదే.

రైన్_ఒడ్డున

పానెల్ గారూ, అన్నీ బాగా రాసి నూటికి 90 దాటిన స్కోరు తెచ్చుకుని కూడా రానివాళ్లు నాకు తెలుసు. 92కి రాదు, 94కి వస్తుంది. ఆ రెండు మార్కుల తేడా ఏమిటో మీరు చెప్పగలరా? లాటరీ కాకపోతే ఇంకేమిటది?

పాత_పానెల్

చెప్పలేను. 92కీ 94కీ మధ్య తేడాని నమ్మకంగా చెప్పగలనన్న రివ్యూయర్ ఉంటే నాకు అతని మీదే అనుమానం వస్తుంది. ఆ పై అంచున అదృష్టం పని చేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ 75కీ 92కీ మధ్య ఉన్నది అదృష్టం కాదు. ఆ 17,058 మందీ ఒకే గీత మీద నిలబడి పరుగు మొదలుపెట్టలేదు. కాకతీయ గారు తన అవకాశాన్ని మొత్తం సంఖ్యతో భాగించి లెక్కేసుకోవడం సరికాదని మాత్రమే నా మాట.

ఇంకో సంగతి. 85 గానీ ఆపైన గానీ వస్తే సీల్ ఆఫ్ ఎక్సలెన్స్ అని ఒక పత్రం ఇస్తారు. కొన్ని దేశాల సొంత నిధుల సంస్థలు దాన్ని చూసి డబ్బిస్తాయి. అన్ని చోట్లా కాదు, ముందే కనుక్కోవాలి.

విరామం_తర్వాత

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా పీహెచ్‌డీ అయి తొమ్మిదేళ్లు దాటింది. మధ్యలో పిల్లల కోసం ఆగాను, తర్వాత కొంతకాలం రీసెర్చ్‌తో సంబంధం లేని ఉద్యోగం చేశాను. పీహెచ్‌డీ అయి ఎనిమిదేళ్లు దాటకూడదన్న నిబంధన వల్ల నేను అనర్హురాలినేనా?

బెల్జియం_అక్క

కాదండీ! పిల్లల కోసం తీసుకున్న విరామం, రీసెర్చ్ కాని ఉద్యోగంలో ఉన్న కాలం ఆ ఎనిమిదేళ్ల లెక్కలోంచి తీసేస్తారు. కాగితాలు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి: అపాయింట్‌మెంట్ లెటరు, రిలీవింగ్ లెటరు, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు. తేదీల వారీగా ఒక పట్టిక చేసుకుని హోస్ట్ గ్రాంట్ ఆఫీసుకి ముందే చూపించండి. మన ఆడవాళ్లు చాలామంది ఈ ఎనిమిదేళ్ల లైన్ చదివి అక్కడే పేజీ మూసేస్తారు. అది చూస్తే నాకు కోపమొస్తుంది.

ట్యాంక్‌బండ్_మాస్టారు

నేను హైదరాబాద్‌లో పాఠాలు చెప్తాను. మీ చర్చంతా "ఎలా వెళ్లాలి" అనే దాని చుట్టూనే తిరుగుతోంది. ఈ ఫెలోషిప్‌కి డబ్బిచ్చే ఈయూ పరిశోధన నిధి హొరైజన్ యూరప్‌కి 2021-27కి మొదట 9,550 కోట్ల యూరోలు పెట్టారు, అందులో మన సంస్థల వాటా ఎంత? ఇండియా అందులో అనుబంధ దేశం (ఒప్పందం చేసుకుని ఆ నిధిలో చేరిన బయటి దేశం) కాదు. మన సంస్థ ఒక కన్సార్షియంలో (పలు సంస్థల కూటమి) చేరినా సాధారణంగా సొంత ఖర్చుతో చేరాల్సిందే. మనిషికి జాతీయత అడ్డం కాదు, సంస్థకి దేశం అడ్డం. పిల్లలు వెళ్తారు, ల్యాబులు ఇక్కడే ఉంటాయి. గ్లోబల్ ఫెలోషిప్ అని ఇంకో రకం ఉంది. అందులో అక్కడివాళ్లు ఇక్కడికొచ్చి పని చేసి తిరిగి వెళ్లొచ్చు, ఆ రకంగా మన ల్యాబులు హోస్ట్ కావచ్చు. ఎన్ని డిపార్ట్‌మెంట్లకి ఈ సంగతి తెలుసు?

రైన్_ఒడ్డున

మాస్టారూ, మంచి మాట, కానీ దానికి వేరే థ్రెడ్ కావాలి. ఈ అమ్మాయికి ఉద్యోగం ముందు.

మోడరేటర్

మాస్టారి అంశం మీద విడిగా చర్చ మొదలుపెట్టాం, ఆసక్తి ఉన్నవాళ్లు అక్కడ రాయండి. ఇక్కడ అసలు ప్రశ్నకి వద్దాం.

కాకతీయ_కెమ్

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒక అనుమానం. జర్మనీ పోస్టులో చేరిపోయి, అక్కడ కూర్చుని తీరిగ్గా మేరీ క్యూరీ రాసుకోవచ్చు కదా?

బెల్జియం_అక్క

రాసుకోవచ్చు, కానీ ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. డెడ్‌లైన్‌కి ముందు 36 నెలల్లో ఏ దేశంలోనైనా 12 నెలలకు మించి ఉన్నా, పని చేసినా ఆ దేశపు హోస్ట్‌తో అప్లై చేయకూడదు. సెలవులకి వెళ్లిన కాస్త రోజులు లెక్కలోకి రావు. జర్మనీలో ఏడాది దాటితే జర్మనీ తలుపు మూసుకున్నట్టే. ఫ్రాన్స్‌కో, స్పెయిన్‌కో, 2024 నుంచి మళ్లీ హొరైజన్‌లోకొచ్చిన బ్రిటన్‌కో వేసుకోవచ్చు. జర్మనీ పోస్టు వద్దనను. ఏ దేశపు తలుపు మూసుకుంటున్నావో తెలిసి చేరు.

రైన్_ఒడ్డున

ఆ విషయంలో అక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. నాకు ఆ రూల్ చేరాక తెలిసింది. ఎవరూ చెప్పలేదు, మా గ్రాంట్ ఆఫీసు కూడా.

అయితే నా వాదన మారలేదు. ముందు పోస్టు, తర్వాత వేరే దేశానికి ఫెలోషిప్. యూరప్‌లో ఉండి, ఇంకో పేపరు వచ్చాక, ముఖం తెలిసిన ప్రొఫెసర్‌తో కలిసి రాసే ప్రపోజల్ వేరు. వరంగల్ నుంచి మెయిల్స్ మీద నడిచే ప్రపోజల్ వేరు.

గుంటూరు_మిర్చి

పోనీ ఊరికే ఒకటి వేసి చూస్తే పోయేదేముంది? ఫీజు కూడా లేదుగా.

పాత_పానెల్

పోయేది ఉంది. 2022 కాల్ నుంచి ఒక నిబంధన: స్కోరు నిర్ణీత గీత (మొదట పెట్టింది 70 శాతం) కన్నా తక్కువ వస్తే తర్వాతి ఏడాది అదే హోస్ట్‌తో మళ్లీ వేయకూడదు. "ఊరికే వేసిన" దాని వల్ల మంచి హోస్ట్‌ని ఒక ఏడాది పోగొట్టుకున్నట్టవుతుంది. ఆ ప్రొఫెసర్ మళ్లీ మీకు టైమిస్తాడన్న నమ్మకమూ లేదు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కొత్త వర్క్ ప్రోగ్రాం రాగానే అర్హతల పేజీ మళ్లీ చదవండి. ఫోరంలో మేం చెప్పామని నమ్మి కూర్చోవద్దు.

కాకతీయ_కెమ్

సరే, నా పరిస్థితి చెప్తాను. రెండు చోట్ల నుంచి జవాబొచ్చింది. ఒకటి జర్మనీలో పేరున్న ల్యాబ్. "మేరీ క్యూరీకి అప్లై చేస్తానంటే సంతకం పెడతాను" అని రెండు లైన్ల మెయిల్. రెండోది స్లొవేనియాలో, ల్యుబ్లియానా. ఆ ప్రొఫెసర్ నా పేపర్లో ఇంపీడెన్స్ గ్రాఫ్ గురించి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఒకదానికి నా దగ్గర జవాబు కూడా లేదు. ఎవరితో వెళ్లాలి?

బెల్జియం_అక్క

ప్రశ్నలడిగినాయనతో. ఇందులో ఆలోచించడానికేముంది తల్లీ!

రైన్_ఒడ్డున

నేనొప్పుకోను. తర్వాతి ఉద్యోగానికి సీవీ తిరగేసేవాళ్లు ల్యాబ్ పేరే ముందు చూస్తారు. నచ్చినా నచ్చకపోయినా లోకం అలాగే ఉంది.

పాత_పానెల్

రెండు లైన్ల మెయిల్ పంపిన ప్రొఫెసర్ మీ డ్రాఫ్ట్ చదవడు. చదవని డ్రాఫ్ట్ మాకు తెలిసిపోతుంది. సూపర్‌విజన్ భాగమంతా ఆయన వెబ్‌సైట్ నుంచి ఎత్తినట్టుంటుంది.

ఇంకో లాభం ఉంది. స్లొవేనియా, పోర్చుగల్, చెక్, పోలండ్, గ్రీస్ లాంటివి వైడెనింగ్ దేశాల (పరిశోధనలో ఇంకా ముందుకు రావాల్సినవని ఈయూ గుర్తించినవి) జాబితాలో ఉన్నాయి. అలాంటి దేశపు హోస్ట్‌తో వేసేటప్పుడు ఫారంలో దానికి సంబంధించిన గడిని సరిగా చూసుకుంటే, మేరీ క్యూరీ రాకపోయినా అదే ప్రపోజల్‌ని ఆ దేశాల కోసమే ఉన్న ఈఆర్‌ఏ ఫెలోషిప్స్ కింద పరిశీలనకు తీసుకుంటారు. కొత్తగా రాయక్కర్లేదు. మీ పదింట ఒకటి లెక్క అక్కడ కాస్త మారుతుంది. వచ్చే కాల్‌లో ఆ వెసులుబాటు ఉందో లేదో మాత్రం చూసుకోండి.

రైన్_ఒడ్డున

ఆ గడి సంగతి నాకు తెలియదు. బాగుంది. అయినా ఆరు నెలలు ఒకే బుట్టలో పెట్టొద్దు కాకతీయ, పోస్టులకి కూడా సీవీలు పంపుతూనే ఉండు.

కాకతీయ_కెమ్

పంపుతాను అన్నా. ల్యుబ్లియానా సార్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను. జవాబు లేని ఆ ప్రశ్ననే ప్రాజెక్టుగా రాస్తే ఎలా ఉంటుందని అడిగాను. ఒక పేజీ సారాంశం తయారయ్యాక ఇక్కడ పెడితే చూస్తారా? ముఖ్యంగా పానెల్ గారు, ఇంపాక్ట్ భాగం.

పాత_పానెల్

బహిరంగంగా పెట్టకండి, ఐడియా మీది. నాకు విడిగా మెసేజ్ చేయండి. వచ్చే కాల్‌కి నేను రివ్యూయర్‌గా ఒప్పుకోకపోతేనే చూస్తాను, ఒప్పుకుంటే చూడకూడదు. అది తేలాక చెప్తాను.