సైనిక స్థావరాల్లోని సముద్ర తీరాలకు విదేశీయులను ఎందుకు రానివ్వరు? థాయ్‌లాండ్ ప్రయాణానికి ముందు ఒక సందేహం

ప్రశ్న: గోదావరి_గట్టు

అందరికీ నమస్కారం. వచ్చే చలికాలంలో మా కుటుంబం థాయ్‌లాండ్ వెళ్లాలనుకుంటోంది. మా అత్తమామలు, మేమిద్దరం, పిల్లలు రాజమహేంద్రవరం నుంచి బయలుదేరుతాం. మా బావగారి కుటుంబం అమెరికా నుంచి నేరుగా బ్యాంకాక్ వచ్చి మమ్మల్ని కలుస్తుంది. పటాయా తీరంలో జనసమ్మర్దం, పడవల మోత ఎక్కువని, పెద్దవాళ్లు కాసేపు ప్రశాంతంగా కూర్చోవాలంటే అక్కడికి దక్షిణాన నౌకాదళం నిర్వహించే తీరాలు బాగుంటాయని, నీరు కూడా శుభ్రంగా ఉంటుందని చాలామంది చెప్పారు.

అయితే మాకు తెలిసిన ఒక కుటుంబం ఆ దేశంలోనే సైన్యం అధీనంలో ఉన్న ఒక తీరానికి వెళ్తే, ఇది థాయ్ పౌరులకు మాత్రమేనని చెప్పి కాపలా సిబ్బంది ద్వారం దగ్గరి నుంచే వెనక్కి పంపారట. మాట మర్యాదగానే ఉందట గానీ, తమ కళ్లముందే స్థానికుల కార్లు ఒకటొకటిగా లోపలికి వెళ్తుంటే పిల్లలకు ఏం చెప్పాలో వాళ్లకు తోచలేదు. ఆ సంగతి విన్నప్పటి నుంచి మా మామగారు, అంత దూరం వెళ్లి గేటు దగ్గర మాట పడడం ఎందుకని అంటున్నారు.

సముద్రం అందరిదీ కదా, డబ్బు కట్టి చూడడానికి వచ్చిన పర్యాటకులను జాతీయతను బట్టి ఆపడం న్యాయమేనా అన్నది నా మొదటి సందేహం. ఏ తీరానికి వెళ్లవచ్చో, ఏ తీరానికి వెళ్లకూడదో ముందే తెలుసుకునే మార్గం ఉందా అన్నది రెండోది. మాలో కొందరివి భారతీయ పాస్‌పోర్టులు, కొందరివి అమెరికా పాస్‌పోర్టులు. దాని వల్ల ఏమైనా తేడా వస్తుందా?

జవాబు: సయాం_ప్రవాసి

నమస్కారమండి. ఉద్యోగరీత్యా చాలాకాలంగా పటాయా ఉన్న చోన్‌బురి ప్రావిన్సులోనే ఉంటున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీకు చెప్పినవి సత్తాహిప్ జిల్లాలోని తీరాలై ఉంటాయి. పటాయాకు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న సత్తాహిప్ థాయ్ నౌకాదళానికి ప్రధాన స్థావరం. ఆధునిక థాయ్ నౌకాదళ పితామహుడిగా ఇక్కడి నావికులు నేటికీ పూజించే చుంఫోన్ రాకుమారుడు కోరగా, 1922లో రాజు వజిరావుధ్ ఈ భూమిని నౌకాదళానికి ఇచ్చారు. దేశానికున్న ఒకే ఒక్క విమానవాహక నౌక చక్రి నరుబెట్ ఇక్కడి చుక్ సమెత్ రేవులోనే ఉంటుంది. దగ్గర్లోనే ఊ-తపావ్ విమానక్షేత్రం ఉంది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా బి-52 బాంబర్లు అక్కడి నుంచి ఎగిరేవి. నాంగ్ రామ్, నాంగ్ రోంగ్, సాయ్ కేవ్ అనే తీరాలు ఈ స్థావరం పరిధిలోనివే, అందులోనూ సాయ్ కేవ్ తీరం కొత్తగా చేరిన నావికులకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో ఉంది. వందేళ్లుగా ఈ నేల సైన్యం చేతిలో ఉండడం వల్లనే పటాయాలో లాగా హోటళ్లు ఇసుక దాకా రాలేదు, మీకు చెప్పినవారు మెచ్చుకున్న ఆ శుభ్రతకు కారణం కూడా అదే.

ఇక సముద్రం అందరిదీ అన్న మాట. థాయ్ చట్టం కూడా దాదాపు ఆ మాటే అంటుంది. వారి పౌర, వాణిజ్య స్మృతిలోని 1304వ సెక్షన్ ప్రభుత్వానికి చెందిన ప్రజా ఆస్తులను వర్గీకరిస్తూ సముద్ర తీరాలను, జలమార్గాలను, రహదారులను, సరస్సులను ప్రజలందరి ఉమ్మడి వినియోగానికి ఉద్దేశించిన ఆస్తిగా పేర్కొంటుంది. అయితే అదే సెక్షన్ ఆ వెంటనే కోటలను, సైనిక భవనాలను, యుద్ధనౌకలను, ఆయుధాలను ప్రభుత్వ ప్రత్యేక వినియోగానికి ఉద్దేశించిన ఆస్తిగా వేరే వర్గంలో ఉంచుతుంది. సత్తాహిప్‌లో చిక్కంతా ఇక్కడే ఉంది. ఇసుక మొదటి వర్గంలోకి వస్తుందని వాదించినా, ఆ ఇసుక దాకా మిమ్మల్ని తీసుకెళ్లే రోడ్డు, దాని మీది ద్వారం, చుట్టూ ఉన్న కొండ రెండో వర్గంలోనివి. పైగా సైనిక అవసరాల కోసం కొన్ని ప్రాంతాలను భద్రతా మండలాలుగా ప్రకటించి అక్కడ రాకపోకలను నియంత్రించడానికి 1935 నాటి చట్టం ఒకటి ఉంది. అందుచేత లోపలికి వెళ్లడం మనకున్న హక్కు కాదు, స్థావరాధికారి ఇచ్చే అనుమతి మాత్రమే. పొద్దున ఇచ్చిన అనుమతిని సాయంత్రం ఉపసంహరించుకునే అధికారం కూడా ఆయనకు ఉంటుంది.

ఈ కారణంగానే ఒక్కో తీరానికి ఒక్కో పద్ధతి కనిపిస్తుంది. ఒకచోట పాస్‌పోర్టు చూపించి, స్థానికుల కంటే ఎక్కువ రుసుము కడితే పంపిస్తారు. మరోచోట థాయ్ గుర్తింపు కార్డు ఉన్నవారినే రానిస్తారు. ఒకే తీరంలో ఒక ఏడాది ఉన్న పద్ధతి మరుసటి ఏడాది ఉండకపోవచ్చు. అందుకే ఫలానా తీరానికి నిక్షేపంగా వెళ్లండని నేను రాయలేను, ఎవరైనా అలా రాస్తే ఆ రాసిన తేదీ చూడండి. 2025 జులైలో కంబోడియాతో ఘర్షణలు జరిగినప్పుడు ఇదే తూర్పు తీరంలోని చాంతబురి, త్రాత్ ప్రావిన్సులలో కొన్ని జిల్లాల్లో సైనిక శాసనం ప్రకటించారు. అలాంటి రోజుల్లో సైన్యం అధీనంలోని ఏ ద్వారమైనా బిగుసుకుంటుందని అనుకోవడమే మంచిది.

సైన్యం చేతిలో ఉన్న తీరాలన్నీ విదేశీయులకు మూసి ఉంటాయని మాత్రం అనుకోకండి. బ్యాంకాక్‌కు నైరుతి దిశలో, పశ్చిమ తీరాన ఉన్న ప్రచువాప్ ఖిరి ఖాన్ పట్టణంలో వైమానిక దళపు ఐదవ వింగ్ స్థావరం ఉంది. దాని లోపలి ఆవ్ మనావ్ తీరానికి విదేశీయులు కూడా వెళ్తుంటారు. ద్వారం దగ్గర వివరాలు నమోదు చేసుకుని, విమానాల రన్‌వేను అడ్డంగా దాటి వెళ్లాలి. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు దిగినది ఆ పట్టణం తీరంలోనే. స్థావరంలోని కొద్దిమంది సిబ్బంది మర్నాటి వరకు వారితో పోరాడారు. ఆ పోరాటంలో మరణించినవారి స్మారకం స్థావరంలో ఉంది, దాన్ని తప్పకుండా చూడండి. ఆ తీరంలో అలలు తక్కువ, నీడకు చెట్లున్నాయి, కొండ దగ్గర కళ్లచుట్టూ తెల్లని వలయాలుండే కోతులు మనుషులకు దగ్గరగా వస్తాయి. మీ అత్తమామలకు సత్తాహిప్ కంటే అదే అనుకూలమని నా అభిప్రాయం, కాకపోతే బ్యాంకాక్ నుంచి నాలుగైదు గంటల ప్రయాణం.

పాస్‌పోర్టు విషయంలో జిరాక్సు కాపీ మీద ఆధారపడకండి, ప్రతి ఒక్కరూ అసలు పాస్‌పోర్టే దగ్గర ఉంచుకోండి. హోటల్ వారి చేత బయలుదేరే రోజు ఉదయమే ఆ తీరం కార్యాలయానికి థాయ్ భాషలో ఫోన్ చేయించి, విదేశీయులు ఇంతమంది, ఫలానా దేశాలవారు, రావచ్చా అని స్పష్టంగా అడిగించండి. డ్రోన్ తీసుకెళ్లకండి.

జవాబు: పసిఫిక్_తెలుగు

సయాం ప్రవాసి గారి వివరణ ఎంతో ఉపయోగకరం. అయితే అధికారి ఇష్టప్రకారం మారే అనుమతి అన్న దగ్గర నేను కొంచెం విభేదిస్తాను. సైన్యానికి తీరం మూసే అధికారం ఉందన్న మాట నిజమే గానీ, ఆ అధికారాన్ని వాడే తీరులో మంచి, చెడు ఉంటాయి.

నేను వర్క్ వీసా మీద హవాయిలో పని చేశాను. అక్కడ ఒవాహు దీవి తూర్పు తీరాన వైమానలో అనే ఊరి దగ్గర బెలోస్ అనే సైనిక ప్రాంతం ఉంది. 1917 నుంచి సైన్యం కిందనే ఉన్న ఆ తీరంలో మెరీన్ దళాలు సముద్రం మీది నుంచి నేల మీదికి దిగే అభ్యాసాలు చేస్తాయి. పెర్ల్ హార్బర్ దాడిలో పాల్గొన్న చిన్న జలాంతర్గామి నుంచి ఒడ్డుకు కొట్టుకువచ్చి, అమెరికాకు మొదటి జపాన్ యుద్ధఖైదీగా చిక్కిన నావికుడు పట్టుబడింది కూడా అక్కడే. అంత సున్నితమైన చోటైనా, అందులో ప్రజల కోసం కేటాయించిన భాగాన్ని శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం వరకు, ప్రభుత్వ సెలవు రోజుల్లోనూ అందరికీ తెరిచి ఉంచుతారు. వారం మధ్యలో సాధారణ అమెరికా పౌరుడికీ ప్రవేశం లేదు, వారాంతంలో నాలాంటి విదేశీయుడికీ అడ్డు లేదు. రోజును బట్టి గీసిన ఆ గీత నాకు న్యాయంగా అనిపించింది. పక్కనే సైనిక కుటుంబాల కోసం కేటాయించిన కుటీరాల వైపు మాత్రం మామూలు జనానికి దారి లేదు.

ప్రమాదం నిజంగా ఉన్నచోట కూడా జాతీయత ప్రసక్తి రాదు. అదే ద్వీపసముదాయంలోని కహోలవే దీవిని అమెరికా సైన్యం 1941 నుంచి 1990 వరకు బాంబుల అభ్యాసానికి వాడుకుంది. ఏళ్ల తరబడి శుభ్రం చేసినా పేలని గుండ్లు ఇంకా మిగిలి ఉన్నందున, ఆ దీవి హవాయి రాష్ట్రం చేతికి తిరిగి వచ్చిన తరువాత కూడా అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టడానికి వీల్లేదు, ఆ దీవిని పవిత్రంగా భావించే స్థానిక హవాయియన్లతో సహా. కాలిఫోర్నియాలో మెరీన్ల క్యాంప్ పెండిల్టన్ కిందకు దాదాపు 27 కిలోమీటర్ల తీరం వస్తుంది. అందులో కొంత భాగాన్ని 1971లో రాష్ట్రానికి లీజుకు ఇచ్చి సాన్ ఒనోఫ్రే అనే ప్రజా తీరంగా మార్చారు. అక్కడ రుసుము కడితే చాలు.

కాబట్టి సైనిక తీరమైనంత మాత్రాన విదేశీయుడిని ఆపక తప్పదని అనలేం. అదే తీరం స్థానిక పర్యాటకులతో, అంగళ్లతో, అద్దె కుర్చీలతో నిండి ఉన్నప్పుడు, విదేశీయుడొక్కడి వల్లనే భద్రతకు ముప్పని చెబితే ఆ కారణం నిలబడడం కష్టం. ఆపదలచుకుంటే ఆపవచ్చు, కానీ ఆ సంగతిని రహదారి మీదనే నలుగురికీ అర్థమయ్యే భాషలో బోర్డు పెట్టి చెప్పాలి. ముసలివాళ్లను ఎండలో ద్వారం దాకా రప్పించి వెనక్కి పంపడం సరికాదు.

జవాబు: యారాడ_కొండ

అమ్మా, నేను విశాఖపట్నంలో నౌకాదళానికి చెందిన ఒక సంస్థలో పౌర ఉద్యోగిగా పని చేసి విరమణ పొందాను. ద్వారానికి లోపలి వైపు నుంచి ఈ విషయం ఎలా కనిపిస్తుందో రాస్తాను.

కాపలా మనిషి ముందున్న ప్రశ్న మీరు మంచివారా కాదా అన్నది కాదు. మీరెవరో తేల్చుకునే సాధనం ఆయన చేతిలో ఉందా లేదా అన్నదే ఆయన చూసుకోవాలి. సొంత దేశపు పౌరుడి కార్డు మీది నంబరును ఆ దేశపు రికార్డులతో సరిచూడవచ్చు, రేపు ఏదైనా జరిగితే ఆ మనిషి ఇంటికి పోలీసులను పంపవచ్చు. విదేశీయుడి పాస్‌పోర్టు అసలైనదే అయినా, దాని వెనక ఉన్న మనిషి గురించి ఆ గేటులో నిల్చున్న నావికుడికి ఏమీ తెలియదు, ఆ మనిషి మూడో రోజుకు దేశం దాటిపోతాడు. పైగా అనుమతిస్తే తప్పు తన మీదికి వస్తుంది, ఆపితే రాదు. సందేహం వచ్చిన ప్రతిచోటా కిందిస్థాయి సిబ్బంది ఆపడానికే మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. పసిఫిక్ తెలుగు గారు కోరిన బోర్డు పెడితే ఆ నావికుడికి కూడా మేలే, తన మాట కాకుండా నియమం మాట చెప్పగలుగుతాడు.

మన దగ్గర కూడా పరిస్థితి వేరుగా లేదు. తూర్పు నౌకాదళానికి విశాఖే కేంద్రం. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నౌకాదళ ప్రాంతం ఉంది, ఆ కొండకు అవతలి యారాడ తీరానికి మాత్రం ఎవరైనా వెళ్లవచ్చు. బాపట్ల దగ్గరి సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం పక్కనే జనం స్నానాలు చేస్తారు. క్షిపణి పరీక్షలు జరిపే రోజుల్లో అక్కడి మత్స్యకారులకు వేట ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల విహారం తప్పిపోయిన పర్యాటకుడి బాధ కంటే, ఆ మత్స్యకారుడు పోగొట్టుకునే కూలి నా దృష్టిలో పెద్దది. తీరాన్ని ఎవరికి మూస్తున్నామన్న చర్చ వచ్చినప్పుడు అతని పేరు కూడా అందులో ఉండాలి.

విదేశీయుల విషయానికొస్తే, అండమాన్ దీవులకు వెళ్లే విదేశీయులకు ప్రత్యేక అనుమతి పత్రం ఉండాలన్న నియమం ఉండేది. 2018లో కొన్ని దీవులకు దాన్ని సడలించారు, అప్పుడు కూడా పాకిస్తాన్, చైనా, అఫ్గానిస్తాన్ పౌరులకు సడలింపు ఇవ్వలేదు. పాస్‌పోర్టు రంగును బట్టి దారి తెరవడం, మూయడం మనం కూడా చేస్తున్న పనే.

ప్రశ్న అడిగినవారి స్పందన: గోదావరి_గట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మామగారికి మీ జవాబులు చదివి వినిపించాను. విమానాల రన్‌వే దాటి సముద్రానికి వెళ్లడమన్న మాట ఆయనకు బాగా నచ్చి, ప్రచువాప్‌కే వెళ్దామంటున్నారు. ఒక్క సందేహం మిగిలింది. బావగారి కుటుంబానికి అమెరికా పాస్‌పోర్టులతో పాటు, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డులు ఉన్నాయి. ఆ కార్డు థాయ్‌లాండ్‌లో ఏమైనా పనికొస్తుందా? తిరుగు ప్రయాణంలో అందరం కలిసి అండమాన్ కూడా చూడాలనుకుంటున్నాం.

జవాబు: సయాం_ప్రవాసి

థాయ్‌లాండ్‌లో ఓసీఐ కార్డుకు ఏ విలువా లేదండి. ద్వారం దగ్గర మీరు భారతీయులు, వారు అమెరికన్లు, ఇద్దరూ విదేశీయులే. నాకున్నట్టు ఇక్కడ నివసించే విదేశీయులకు ఇచ్చే గులాబీ రంగు కార్డు ఉన్నా అంతే. అది నివాసాన్ని చూపిస్తుంది గానీ పౌరసత్వాన్ని కాదు, కాబట్టి థాయ్ పౌరులకే అన్నచోట అది చూపించి వాదించను.

అండమాన్ విషయంలో మాత్రం జాగ్రత్త పడండి. ఓసీఐ ఉన్నవారు మన దేశంలోని రక్షిత, నియంత్రిత ప్రాంతాలకు వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని కేంద్ర హోంశాఖ 2021 మార్చిలో ప్రకటన ఇచ్చింది. మీరు చూడదలచుకున్న దీవులు సడలింపు జాబితాలో ఉన్నాయో లేదో, టిక్కెట్లు కొనే ముందే బావగారి చేత విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయానికి రాయించి, జవాబును కాగితం మీద తీసుకోండి. ఆ జవాబు వచ్చేదాకా అండమాన్ హోటళ్లకు డబ్బు కట్టకండి.