జ్యూరిక్ నుంచి మిలాన్‌కు: సొరంగమా, పాత కొండ మార్గమా?

ప్రశ్న: జ్యూరిక్ నుంచి మిలాన్‌కు నేరుగా వెళ్లే యూరోసిటీ రైలెక్కితే దారిలో ఆల్ప్స్ పర్వతాలు బాగా కనిపిస్తాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఆ రైలు 2016లో ప్రారంభమైన 57 కిలోమీటర్ల గోట్‌హార్డ్ బేస్ సొరంగం గుండా పోతుంది కాబట్టి, అసలు చూడవలసిన కొండలన్నీ చీకట్లోనే దాటిపోతాయండీ. తీరిక ఉంటే 1882 నాటి పాత మార్గంలో నడిచే ప్రాంతీయ రైలెక్కండి. వాసెన్ ఊరి దగ్గర పట్టాలు మెలికలు తిరుగుతూ పైకెక్కుతాయి. అక్కడి తెల్లని చర్చి మొదట తలెత్తి చూసేంత ఎత్తున, తర్వాత కిటికీకి సమంగా, చివరికి కింద లోయలో, ఇలా మూడుసార్లు కనిపిస్తుంది.

మరో జవాబు: పాత మార్గంలో వెళ్తే మధ్యలో రైలు మారాలి, పెద్ద పెట్టెలుంటే అది కాస్త శ్రమే. సరిహద్దు దాటే యూరోసిటీకి టికెట్‌తో పాటు సీటు రిజర్వేషన్ కూడా తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. వెళ్లేటప్పుడు కొండ మార్గం, తిరుగు ప్రయాణంలో సొరంగం అని నిశ్చయించుకున్నాం.